మార్కు మీద నమ్మకం



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పుంగనూరు సంస్థానం గురించో, మదనపల్లె కళాశాల గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను రాయబోయేది అరచేతిలో పట్టే ఒక ఇనుప పెట్టె చరిత్ర. దానినే హార్డ్ డిస్కు అంటాము. కంప్యూటరులో మనం దాచిన లెక్కలు, ఉత్తరాలు, ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. దాని గురించి రాయడానికి నాకొక కారణం ఉంది. ఒక మార్కును గుడ్డిగా నమ్మి నేను చేసిన తప్పు వల్ల మన సంఘ కుటుంబంలోని ఒక ఇల్లాలు ఎనిమిది నెలలు ఇబ్బంది పడింది. ఆ సంగతి మీకు చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మార్కుల కాలం

మా తరం వారికి వస్తువు కంటే మార్కు ముఖ్యం. రేడియో అంటే మర్ఫీ. గడియారం అంటే హెచ్.ఎం.టి. స్కూటరు అంటే బజాజ్ చేతక్. బీరువా అంటే గోద్రెజ్. మా నాన్నగారు నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కట్టిన గడియారం హెచ్.ఎం.టి. కాబట్టి మా అబ్బాయి పదో తరగతి ప్యాసయితే నేనూ అదే కొన్నాను. ఆ గడియారాల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపిందని చదివినప్పుడు దగ్గరి బంధువు పోయినట్టు బాధపడ్డాను.

ఈ అభిమానం వట్టి మూర్ఖత్వం కాదు. ఆ రోజుల్లో తయారు చేసేవారు కొద్దిమంది. ఒకే నమూనా పదేళ్లు, ఇరవై ఏళ్లు మారకుండా వచ్చేది. పక్కింటి వారి స్కూటరు పదేళ్లు నడిచిందంటే, ఈ రోజు మనం కొనేదీ అలాగే నడుస్తుందని అనుకోవడంలో న్యాయం ఉంది. చెడిపోయినా బాగుచేసే మనిషి బజారు వీధిలోనే ఉండేవాడు. ముప్పై ఏళ్ల పాటు అలా వస్తువులు కొని కొని, అదే అలవాటుతో మేము కంప్యూటరు దగ్గరికి వచ్చాము.

కంప్యూటరు వచ్చిన రోజులు

నేను బ్యాంకులో చేరినది 1973లో. చేరినప్పుడు లెడ్జర్లు ఇద్దరు మోస్తేగాని కదిలేవి కావు. వడ్డీ లెక్కలు నోటితో కట్టేవారు ఉండేవారు. 1983లో యాజమాన్యాల సంఘానికి, ఉద్యోగ సంఘాలకు యంత్రాల విషయమై ఒప్పందం జరిగింది. రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్న డాక్టర్ సి. రంగరాజన్ గారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. ఈ రంగరాజన్ గారే తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరై, 1997 నుండి 2003 వరకు మన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా కూడా పనిచేశారు. ఆ నివేదిక దరిమిలా పెద్ద శాఖల్లో లెడ్జరు పోస్టింగు యంత్రాలు వచ్చాయి. మా పని పోతుందని మేము గేటు ముందు నినాదాలు చేసిన మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేనూ చేశాను. ఆ తరువాత శిక్షణకు నన్నే పంపారు.

యంత్రం వచ్చిన గదికి ఏ.సి. పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. మా దఫ్తరీ రోజూ ఉదయం యంత్రానికి పసుపు కుంకుమ పెట్టబోతే, పొడి లోపలికి పోతుందని ఇంజనీరు వద్దన్నాడు. అప్పటినుండి గోడకు పటం కట్టి దానికి పెట్టేవాడు. సాయంత్రం యంత్రం ఆపే ముందు డిస్కును ‘పార్కు’ చేయాలి. అంటే లోపల చదివే సూదిలాంటి భాగాన్ని అక్షరాలు లేని చోటికి తీసుకుపోయి నిలబెట్టాలి. అలా చేయకుండా యంత్రాన్ని కదిలిస్తే డిస్కు మీద గీత పడే ప్రమాదం ఉండేది. వేసవిలో మన ప్రాంతపు వోల్టేజి సంగతి తెలిసిందే. లైటు మినుకుమన్నప్పుడల్లా మేము లేచి నిలబడేవాళ్లం.

1993 వేసవి

అప్పుడు మా శాఖలో అకౌంటెంటుగా ఉన్న పెద్దాయన బహు చాదస్తులు. రోజు పని ముగిశాక లెక్కలన్నీ ఫ్లాపీల మీదికి నకలు తీయాలి. ఒక సెట్టు చాలునని మేమనేవాళ్లం. ఆయన ఒప్పుకునేవారు కారు. ‘ఏమప్పా, రెండో సెట్టు తీసినావా?’ అని అడగందే ఎవరినీ బస్సెక్కనిచ్చేవారు కారు. ఒక సెట్టు స్ట్రాంగ్ రూములో పెట్టి, రెండోది వారానికొకసారి పక్క ఊరి శాఖకు పంపించేవారు. రోజూ బ్యాలెన్సుల జాబితా కాగితం మీద ముద్రించి సంతకం చేసి ఫైలు చేసేవారు. ‘యంత్రం ఎందుకు, మళ్లీ కాగితం ఎందుకు’ అని మేము చాటున నవ్వుకునేవాళ్లం.

ఒక సోమవారం ఉదయం యంత్రం పెడితే తెర మీద ఏమీ రాలేదు. లోపలినుండి టక్ టక్ మని శబ్దం మాత్రం వస్తున్నది. బయట కౌంటరు ముందు జనం. పెద్దాయన గాభరా పడలేదు. శనివారం ముద్రించిన బ్యాలెన్సుల జాబితా తెప్పించి, దాని ఆధారంగా ఆ రోజు చెల్లింపులు చేయించారు. మంగళవారం బెంగుళూరునుండి ఇంజనీరు కొత్త డిస్కు తెచ్చి బిగించాడు. స్ట్రాంగ్ రూములోని ఫ్లాపీలనుండి లెక్కలన్నీ ఎక్కించి, సోమ, మంగళవారాల వోచర్లు ఆ రాత్రి కూర్చుని పోస్టు చేశాము. రాత్రి పదకొండు గంటలకు బ్యాలెన్సు పైసాతో సహా కలిసింది. ఖాతాదారులలో ఒక్కరికి కూడా సంగతి తెలియలేదు.

ఆ కొత్త డిస్కు వేరే కంపెనీది. అది 1993 నుండి 2001లో యంత్రాలు మార్చేవరకు ఒక్క రోజు కూడా మొరాయించలేదు. దాని మార్కు పేరు ఇక్కడ రాయను. అప్పటినుండి ఎవరు కంప్యూటరు కొంటామన్నా, ‘లోపల డిస్కు మాత్రం ఫలానా మార్కే వేయించుకోండి’ అని చెప్పేవాడిని. నా మాట మీద కొన్నవారు మదనపల్లెలో, పలమనేరులో పది మందైనా ఉంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ వారం మమ్మల్ని కాపాడినది పెద్దాయన తీయించిన ఫ్లాపీలు, ఆయన ముద్రించిన కాగితం. నేను మాత్రం ఆ పేరంతా తరువాత వచ్చిన డిస్కుకు కట్టబెట్టాను. ఫ్లాపీల సంగతి మరచిపోయాను. ఈ మరపే తరువాత నన్ను దెబ్బతీసింది.

డిస్కు పుట్టుపూర్వోత్తరాలు

పదవీ విరమణ తరువాత తీరిక దొరికి ఈ డిస్కుల చరిత్ర కొంత చదివాను. మొదటి హార్డ్ డిస్కును 1956లో ఐ.బి.ఎం. వారు రామాక్ అనే యంత్రంతో అందించారు. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఒకదానిపై ఒకటి తిరిగేవి. బరువు సుమారు ఒక టన్ను. అంతా కలిపి అందులో పట్టినది 50 లక్షల అక్షరాలు. 1973లో అదే కంపెనీ వించెస్టర్ అని పేరుబడిన డిస్కును తెచ్చింది. పళ్లేలను, చదివే తలకాయలను ఒకే పెట్టెలో మూసివేసి, దుమ్ము దూరకుండా చేసే పద్ధతి దానితో స్థిరపడింది. 1980లో సీగేట్ కంపెనీ, 5 మెగాబైట్ల డిస్కును 5.25 అంగుళాల పళ్లెంతో చిన్న కంప్యూటర్ల కోసం తయారు చేసింది. మన శాఖలకు వచ్చినవి ఆ వంశానికి చెందినవే.

పనితీరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. బల్ల మీది కంప్యూటర్ల డిస్కుల్లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. దాని అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతుంది. చదివే తలకాయ ఆ పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో గాలి మీద తేలుతూ ఉంటుంది. పొగ కణం కూడా ఆ సందులో పట్టదు. తాకిందా, ఆ చోట రాసి ఉన్నది గీరుకుపోతుంది. ఇంత సున్నితమైన వస్తువు ఎనిమిదేళ్లు నడిచిందంటే మెచ్చుకోవలసిందే. ఒక రోజు ఆగిపోయిందంటే ఆశ్చర్యపడవలసింది లేదు.

ఇక మార్కుల సంగతి. ప్రపంచంలో ఇంతవరకు రెండు వందలకు పైగా కంపెనీలు హార్డ్ డిస్కులు చేశాయి. ఇప్పుడు మిగిలినవి మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మన కాలంలో వినబడిన కానర్ కంపెనీ 1996లో సీగేట్‌లో కలిసింది. క్వాంటమ్ డిస్కుల వ్యాపారం 2001లో మ్యాక్స్‌టర్ చేతికి వచ్చింది. ఆ మ్యాక్స్‌టర్‌ను 2006లో సీగేట్ కొన్నది. ఫుజిత్సు డిస్కుల వ్యాపారాన్ని 2009లో తోషిబా తీసుకున్నది. శాంసంగ్ వారిది 2011లో సీగేట్‌కు పోయింది. ఐ.బి.ఎం. తన డిస్కుల వ్యాపారాన్ని 2003 నాటికి హిటాచీకి అప్పగించింది. హిటాచీ వారి ఆ వ్యాపారం 2012లో వెస్టర్న్ డిజిటల్‌కు చేరింది, అందులో కొంత భాగం తోషిబాకు పోయింది. ఈ జాబితా రాసుకున్నాక నాకు నవ్వొచ్చింది. క్వాంటమ్ అభిమాని, మ్యాక్స్‌టర్ అభిమాని, కానర్ అభిమాని, శాంసంగ్ అభిమాని నలుగురూ రచ్చబండ మీద పోట్లాడుకుని, చివరకు ఒకే ఇంటి గడపలో తేలారన్నమాట.

ఇంకో తమాషా ఉంది. 2002లో హెచ్.పి. కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మన కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం ప్రారంభించింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. మహిళలకు సౌరశక్తితో నడిచే కెమెరా, ప్రింటరు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తయారు చేశారు. ఆ పుణ్యమా అని కుప్పం వైపు పల్లెల్లో కూడా కంప్యూటరు మార్కుల పేర్లు పిల్లల నోట వినిపించేవి. అయితే పెట్టె మీద ఏ పేరున్నా లోపలి డిస్కు సాధారణంగా వేరే కంపెనీదే. ఒకే పేరు గల రెండు కంప్యూటర్లలో రెండు కంపెనీల డిస్కులు ఉండవచ్చు. బియ్యం సంచి మీద బొమ్మ చూసి లోపలి బియ్యం ఏ ఊరివో చెప్పలేము గదా.

పేరున్నవారికీ తప్పలేదు

ఐ.బి.ఎం. డెస్క్‌స్టార్ డిస్కులకు 1990లలో మంచి పేరుండేది. 2000లో వారు 75 జి.ఎక్స్.పి. అనే నమూనా తెచ్చారు. గాజు పళ్లేలు, మంచి వేగం. పాత అభిమానంతో జనం కొన్నారు. అవి విరివిగా చెడిపోసాగాయి. డెస్క్‌స్టార్ కాస్తా జనం నోట ‘డెత్‌స్టార్’, అంటే మృత్యునక్షత్రం అయింది. 2001లో అమెరికాలో కొనుగోలుదారులు ఉమ్మడి దావా వేశారు. 2005లో అది రాజీతో ముగిసింది. చిత్రమేమంటే ఆ డెస్క్‌స్టార్ పేరునే హిటాచీ వారు కొనసాగించారు. వేలాది డిస్కులతో ఇతరుల సమాచారం భద్రపరచే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2014 జనవరిలో తన దగ్గరి దాదాపు 27 వేల డిస్కుల అనుభవాన్ని ప్రకటించింది. అందులో తక్కువగా చెడిపోయినవి హిటాచీ డిస్కులు. మృత్యునక్షత్రం అని తిట్టించుకున్న పేరే, చేయి మారాక, పదేళ్లు గడిచాక, మెప్పు పొందింది. తిట్టినవారూ తప్పు కాదు, మెచ్చినవారూ తప్పు కాదు. పేరు ఒక్కటే గాని వస్తువు వేరు.

అదే లెక్కల్లో సీగేట్ వారి 3 టెరాబైట్ల నమూనా ఒకటి ఎక్కువగా చెడిపోయినట్టు తేలి, 2016లో దాని మీద కూడా అమెరికాలో దావా పడింది. అదే కంపెనీ 4 టెరాబైట్ల డిస్కులు బ్యాక్‌బ్లేజ్ వారి దగ్గరే అంతకంటే ఎంతో మెరుగుగా నడిచాయి. కాబట్టి తేడా ఉండేది నమూనాలో, తయారైన విడతలో. ఇక్కడే గడియారానికి, డిస్కుకు పోలిక చెడుతుంది. డిస్కు నమూనా రెండు మూడేళ్లలో మారిపోతుంది. ఒక నమూనా ఎనిమిదేళ్లు నడుస్తుందని మనకు తెలిసే నాటికి ఆ నమూనా అంగట్లో దొరకదు. దొరికేది దాని పేరు మాత్రమే. మన టమోటా రైతు పోయిన ఏడాది ఏ విత్తనానికి మంచి ధర వచ్చిందో అదే ఈ ఏడాది వేసి, మదనపల్లె మార్కెట్టులో గంపలు దించి తల పట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాము.

డబ్బా మీద ఇంకొక అంకె ఉండేది. సగటున 10 లక్షల గంటలకు ఒకసారి చెడిపోతుందని రాసేవారు. 10 లక్షల గంటలంటే 114 ఏళ్లు. అది చూసి నేనూ మురిసిపోయాను. బ్యాంకులో పనిచేసినవాడిని, లెక్క వేసి చూడవలసింది. ఆ అంకె ఒక డిస్కు ఆయుర్దాయం కాదు. బీమా కంపెనీ లెక్క వంటిది. వెయ్యి డిస్కులు ఏడాదంతా నడిస్తే అన్నీ కలిసి 87 లక్షల 60 వేల గంటలు. అంటే ఏడాదికి సుమారు తొమ్మిది పోవచ్చునని దాని అర్థం. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ గారలు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. నిజానికి ఏడాదికి వెయ్యింటికి 20 నుండి 40 వరకు మార్చవలసి రావడం మామూలని, కొన్నిచోట్ల 130 దాకా పోయిందని తేల్చారు. ఖరీదైన రకానికి, చవక రకానికి మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా వారికి కనబడలేదు. అదే సంవత్సరం గూగుల్ వారు తమ లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలన ప్రకటించారు. చెడిపోయిన వాటిలో సగానికి పైగా డిస్కుల్లో, ప్రమాదాన్ని బాగా పసిగడతాయనుకున్న ముఖ్యమైన హెచ్చరికలు ఒక్కటీ కనిపించలేదని అందులో ఉంది. యముడు ఉత్తరం రాసి రాడన్న మాట డిస్కులకూ వర్తిస్తుంది.

నా తప్పు

నేను 2010లో పదవీ విరమణ చేశాను. సంఘం రికార్డుల బాధ్యత నాకు అప్పగించారు. పాత సభ్యత్వ రిజిస్టరులో సభ్యుని చేతిరాత, జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ, దంపతుల ఫొటో ఉండేవి. చెదలు పడుతున్నాయని 2012లో వాటన్నిటినీ స్కాన్ చేయించాను. బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లి నా నమ్మిన మార్కు డిస్కులు రెండు కొన్నాను. 2011లో థాయిలాండులో వరదలు వచ్చి డిస్కుల ఫ్యాక్టరీలు మునిగిపోవడంతో ధరలు బాగా పెరిగి ఉన్నాయి. అంగడి అతను ఒకటి ఇది, ఒకటి వేరే కంపెనీది తీసుకోమన్నాడు. నేను వినలేదు. ఒకటి అసలు, ఒకటి నకలు. రెండూ ఒకే మార్కు, ఒకే నమూనా, ఒకే రోజు కొన్నవి. రెండూ మా ఇంట్లో ఒకే బల్ల మీద ఉండేవి. ఇంకేమి భయమని పాత రిజిస్టర్లను కాగితాల కొట్టుకు వేశాను. ఆ తూకానికి వచ్చిన డబ్బు సంఘం ఖాతాలో జమ కట్టి రసీదు కూడా రాశాను.

2015లో మొదటి డిస్కు పోయింది. నకలు ఉన్నదని నిశ్చింతగా ఉన్నాను. కొత్త డిస్కు తెచ్చి రెండోదానిలోని సమాచారం ఎక్కించబోయాను. కొన్ని గంటల పాటు ఆపకుండా చదివించేసరికి సగంలో అదీ ఆగిపోయింది. 1993లో విన్న టక్ టక్ శబ్దం మళ్లీ విన్నాను. ఒకే విడతలో తయారై, ఒకే వయసు గల డిస్కులు దగ్గర దగ్గరగా పోవడం, నకలునుండి తిరిగి ఎక్కించే పనిభారం సమయంలోనే రెండోది పోవడం కంప్యూటరు వారికి బాగా తెలిసిన ప్రమాదమట. నాకు ఆ రోజు తెలిసింది. బెంగుళూరులో చూపిస్తే, దుమ్ము లేని ప్రత్యేక గదిలో విప్పాలన్నారు. వారు చెప్పిన ఖర్చు మన సంఘం భరించగలిగింది కాదు, వస్తుందన్న హామీ కూడా ఇవ్వలేదు.

మరుసటి సంవత్సరం మన సభ్యుడొకరు కాలం చేశారు. ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ‘అన్నా, బ్యాంకు కాగితాల్లో నా పేరు ఒకటుండాదంట, ఆధార్‌లో ఇంకొకటుండాది. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మంటుండారు. సంఘం బుక్కులో ఆయన నా రెండు పేర్లూ రాసినాడని చెప్పేవాడు. అది మీ కాడ ఉండాది గదా?’ అని అడిగింది. నేను ఏమి చెప్పను? కాఫీ ఇచ్చి, వెతుకుతానని పంపించాను. వెతకడానికి ఏమీ లేదని నాకు తెలుసు. ఆ అబద్ధం చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి వాళ్లింటికి వెళ్లి నిజం చెప్పాను. ఆమె నన్నొక్క మాట అనలేదు. ‘కాగితం ఎందుకు అమ్మినారన్నా’ అని మాత్రం అడిగింది.

అఫిడవిట్లు, తహసీల్దారు కార్యాలయం, పాత ఊరి సాక్షులు, ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. అంతవరకు ఆ ఇంటికి కుటుంబ పెన్షను రాలేదు. చివరకు దారి చూపినది మా పాత దఫ్తరీ. ఆయన రిటైరై కుప్పంలో ఉంటున్నాడు. ఒక పెళ్లిలో కలిసి ఈ సంగతి చెబితే, ‘సార్, కుప్పం పక్క సభ్యుల చందాలు వసూలు చేసేదానికి ఆ పేజీలు నేను జెరాక్సు తీసి పెట్టుకొన్నాను గదా’ అన్నాడు. మరునాడే వి.కోట మీదుగా కుప్పం వెళ్లాను. ట్రంకు పెట్టెలో, పాత పంచాంగాల కింద, ఆ పేజీలు ఉన్నాయి. భర్త చేతిరాతతో భార్య రెండు పేర్లు, పక్కన ఇద్దరి ఫొటో. ఆ జెరాక్సుతో పని జరిగింది. మన రిజిస్టరులో మొత్తం మీద అలా దొరికినవి 40 పేజీలు. మిగతావి పోయినట్టే.

మళ్లీ కాగితానికి పోదామా?

ఈ కథ విన్న మిత్రులు కొందరు ‘చూశావా, కాగితమే మేలు’ అంటారు. అదీ నేను ఒప్పుకోను. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో అగ్నిప్రమాదం జరిగి ఎన్నో భూముల దస్త్రాలు కాలిపోయిన సంగతి మనకందరికీ తెలుసు. కారణాల చర్చ మన పత్రికకు అక్కరలేదు. ఆ దస్త్రాలను తిరిగి కూర్చడానికి మండల కార్యాలయాల్లోనూ ఇతర చోట్లా ఉన్న నకళ్లను వెతకవలసి వచ్చింది. కాగితానికి నిప్పు, చెద. డిస్కుకు దుమ్ము, వయసు. కదిలే భాగాలు లేని కొత్తరకం ఎస్.ఎస్.డి.లకు కూడా ఆయుర్దాయం ఉంది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి మూల పడేస్తే వాటిలో రాసినది చెరిగిపోవచ్చు.

మన పుంగనూరు ఆవును చూడండి. అంత పొట్టి జాతి ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్నారు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో మందను కాపాడారు, ఇక్కడి రైతులు కొందరు ఇళ్లలో నిలుపుకున్నారు, తరువాత ఇతర చోట్లకూ తీసుకువెళ్లి పెంచుతున్నారు. ఒక్క కొట్టంలోనే ఉండి ఉంటే ఒక్క గాలికుంటు రోగానికి జాతి పోయేది.

ఫొటోలు తీసేవారి లోకంలో 3-2-1 అని ఒక సూత్రం ఉంది. ముఖ్యమైనది ఏదైనా మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి వేరే ఊరిలోనో, వేరే ఇంటిలోనో ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఇందులో మనకు కొత్త ఏముంది? స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో. డూప్లికేటు తాళాలు వేరే శాఖలో. ఒకరు రాసినది ఇంకొకరు చెక్ చేయాలి. ముప్పై ఏడేళ్లు జీతం తీసుకుంటూ చేసిన పని అదే. మేనేజరు ఎంత మంచివాడని పేరున్నా రెండు తాళాలూ ఆయన చేతికే ఇచ్చామా? ఇంటికి వచ్చాక మాత్రం ఒక మార్కు చేతికి రెండు తాళాలూ ఇచ్చేశాను.

కాబట్టి తోటి పెన్షనర్లకు నా మనవి. మీకు నచ్చిన మార్కే కొనండి, తప్పులేదు. కొనే ముందు ఆ నమూనా గురించి నలుగురినీ విచారించండి. రెండో ప్రతికి మాత్రం వేరే కంపెనీది కొనండి. డిస్కు అయిదేళ్లు దాటితే, బాగున్నప్పుడే మార్చండి. ఆరు నెలలకొకసారి నకలు తెరిచి చదవబడుతున్నదో లేదో చూడండి. తెరిచి చూడని నకలు, చెక్ చేయని వోచరు ఒకటే. పి.పి.ఓ. ప్రతి, దంపతుల ఫొటో, పేర్లలో తేడా ఉంటే దానికి సంబంధించిన పత్రం జెరాక్సు తీసి, పక్క ఊరిలోని కూతురి దగ్గరో, తమ్ముడి దగ్గరో ఒక కవరు ఉంచండి. కంప్యూటరులో ఉంది గదా అని అసలు కాగితాన్ని తూకానికి వేయకండి.

పోయిన రిజిస్టరును నేను మళ్లీ రాయడం మొదలుపెట్టాను. సభ్యులందరూ తమ వివరాలు, భార్య లేక భర్త పేరు అన్ని రూపాల్లోనూ, ఇద్దరి ఫొటోతో రెండేసి ప్రతులు పంపవలసిందిగా కోరుతున్నాను. ఒక ప్రతి పుంగనూరులో నా దగ్గర ఉంటుంది. రెండోది కుప్పంలో దఫ్తరీ గారి ట్రంకు పెట్టెలో ఉంటుంది. మూడోది స్కాన్ చేసి డిస్కులో పెడతాము. ఆ డిస్కు ఏ మార్కుదని దయచేసి నన్ను అడగవద్దు.

ఫ్లాపీలు రెండు సెట్లు తీయించిన మా అకౌంటెంటు గారు ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. ఈ నాలుగు మాటలు ఆయన జ్ఞాపకార్థం.

సెలవు.